పిల్లవాడి ఫైలులో లేని అంకె

గత ఏడాది మా అబ్బాయిని పరీక్షలకు తీసుకువెళ్లినప్పుడు, బీపీ పట్టీని చూడగానే వాడు కుర్చీలోంచి లేచి గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. వాడికి 13 ఏళ్లు. ఆటిజంతో పాటు మేధో వైకల్యం కూడా ఉంది. ఒంటికి ఏది బిగుతుగా తగిలినా భరించలేడు. నర్సు ఓపికగల మనిషి. “ముందు అమ్మకు పెడదాం, చూడు, అమ్మకేమీ కాదు” అంటూ పట్టీని నా చేతికి చుట్టి మీట నొక్కింది. అంకెలంటే వాడికి ప్రాణం కాబట్టి, భయం మరిచిపోయి తెర మీద మారుతున్న అంకెలనే చూస్తూ నిలబడ్డాడు. పట్టీలోని గాలి పోయేసరికి పైన 158, కింద 98 నిలిచాయి. నర్సు ఆ అంకెల వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా వాటిని చెరిపేసి, పట్టీని వాడి చేతికి మార్చింది. వాడి అంకె వాడి ఫైలులోకి ఎక్కింది. నాది ఎక్కడా ఎక్కలేదు.

ఆమెను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఆ గదిలో రోగిని నేను కాదు. కానీ ఇంటికి వచ్చాక, పదేళ్లుగా మోస్తున్న ఆ ఫైలును మొదటి కాగితం నుంచి తిరగేశాను. వాడి బరువు, ఎత్తు, నిద్ర, విరేచనం, పలికే మాటల సంఖ్య, స్పీచ్ థెరపీ రిపోర్టులు, ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు అలవాటు చేసే చికిత్స) రిపోర్టులు, ఏ మందు ఎప్పుడు మొదలై ఎందుకు ఆగిందో, అన్నీ ఉన్నాయి. ప్రతి రిపోర్టు చివరా ఇంట్లో చేయించవలసిన పనులు నాలుగైదు రాసి ఉన్నాయి. ఆ పనులు చేయించే మనిషికి ఒంట్లో ఎలా ఉందన్న ప్రశ్న మాత్రం అన్ని కాగితాల్లో ఒక్కచోటా లేదు. ఎదుగుదల లోపాలున్న పిల్లల తల్లిదండ్రులు పడే ఒత్తిడి ప్రస్తావన వచ్చినప్పుడల్లా అందరూ దాన్ని మనసుకు సంబంధించిన విషయంగా, ఓర్పు, ధైర్యం ఉంటే గట్టెక్కే విషయంగా మాట్లాడతారు. అది రక్తంలో, లాలాజలంలో, కణాల్లో కొలవగలిగిన విషయమనీ, కాబట్టి దాన్ని తగ్గించడం పిల్లవాడి వైద్యంలోనే భాగం కావాలి తప్ప తల్లికి ఇచ్చే ఉచిత సలహాగా మిగిలిపోకూడదనీ నా వాదన.

హాన్స్ సెలీ అనే శాస్త్రవేత్త 1936లో ప్రచురించిన చిన్న లేఖతో ఒత్తిడికి శరీరశాస్త్రంలో చోటు దొరికింది. ఎలుకలను చలిలో ఉంచినా, గాయపరిచినా, అతిగా పరుగెత్తించినా, ఏ బాధ పెట్టినా చివరికి వాటి శరీరాల్లో ఒకే రకమైన మార్పులు రావడం ఆయన గమనించాడు. అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, రోగనిరోధక వ్యవస్థకు చెందిన థైమస్ గ్రంథి కుంచించుకుపోయింది, కడుపులో పుండ్లు పడ్డాయి. శరీరం మొదట ఉలిక్కిపడుతుందనీ, తర్వాత తట్టుకుని నిలబడుతుందనీ, ఆ బాధ తొలగకపోతే చివరికి అలసి చేతులెత్తేస్తుందనీ ఆయన చెప్పిన మూడు దశలను పాఠ్యపుస్తకాల్లో చదివినప్పుడు అవి నాకు ఎలుకల సంగతిగానే అనిపించాయి. ఇప్పుడు అలా అనిపించడం లేదు.

ఆపద ఎదురుకాగానే నరాల ద్వారా అందిన కబురుతో క్షణాల్లో అడ్రినలిన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది. ఆ వెనుకనే మెదడు అడుగుభాగంలోని హైపోథాలమస్ పిట్యూటరీ గ్రంథికి, పిట్యూటరీ మూత్రపిండాల మీద కూర్చుని ఉండే అడ్రినల్ గ్రంథులకు సంకేతాలు పంపితే, అవి కార్టిసాల్ అనే హార్మోన్‌ను వదులుతాయి. కార్టిసాల్ రక్తంలోకి చక్కెరను తెస్తుంది, ఆ క్షణానికి అవసరం లేని పనులను వెనక్కి నెడుతుంది, ఇన్‌ఫ్లమేషన్ (గాయానికో, క్రిములకో స్పందనగా శరీరంలో పుట్టే వాపు, మంట) హద్దు దాటకుండా పట్టి ఉంచుతుంది. ఆపద లేని రోజున కూడా దానికి ఒక దినచర్య ఉంది. నిద్ర లేచిన 30 నుంచి 45 నిమిషాల్లో అది బాగా పెరిగి, పగలంతా క్రమంగా తగ్గుతూ, అర్ధరాత్రి వేళకు అట్టడుగుకు చేరుతుంది. పొద్దున్నే పెరిగే ఆ కార్టిసాలే మనిషిని రోజుకు సిద్ధం చేస్తుంది.

ఒత్తిడిలో ఉన్నవారికి కార్టిసాల్ ఎక్కువగా ఉంటుందని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మార్షా సెల్ట్జర్ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనం చదివినప్పుడు ఆ అభిప్రాయం తలకిందులైంది. ఆటిజం ఉన్న కౌమార వయస్కులు, పెద్దవాళ్లయిన పిల్లలతో కలిసి ఉంటున్న 86 మంది తల్లులతో వాళ్లు ఎనిమిది రోజుల పాటు ప్రతి సాయంత్రం మాట్లాడి ఆ రోజు ఎలా గడిచిందో రాసుకున్నారు. నాలుగు రోజులు, రోజుకు నాలుగుసార్లు లాలాజలం సేకరించి కార్టిసాల్ కొలిచారు. ఇతర తల్లులతో పోల్చి చూస్తే, వీళ్ల కార్టిసాల్ రోజంతా తక్కువగా ఉంది. దీర్ఘకాలం ఒత్తిడిలో నలిగిన వాళ్లలో, యుద్ధరంగాన్ని చూసిన సైనికుల్లో కూడా ఇటువంటి క్షీణించిన తీరే పరిశోధకులకు కనిపించింది. ఏళ్ల తరబడి మోగిన గంట చివరికి గట్టిగా మోగలేని స్థితికి వచ్చిందన్నమాట. పిల్లల్లో తీవ్రమైన ప్రవర్తన సమస్యలు చాలాకాలంగా ఉన్న ఇళ్లలో, ముందు రోజు జరిగిన గొడవ మర్నాడు ఉదయం తల్లి కార్టిసాల్ పెరుగుదలలో కనిపించడం నన్ను ఇంకా లోతుగా తాకింది. పిల్లవాడి మంగళవారం తల్లి బుధవారం లాలాజలంలో రాసి ఉంటుంది.

అదే సమాచారం ఆధారంగా వచ్చిన మరో వ్యాసంలో, ఈ తల్లులు రోజుకు కనీసం రెండు గంటలు అదనంగా పిల్లల సంరక్షణలో గడుపుతున్నారనీ, నాలుగు రోజుల్లో ఒక రోజు వాళ్ల ఉద్యోగం పనికి అంతరాయం కలుగుతోందనీ, ఇతర తల్లుల్లో అది పది రోజుల్లో ఒక రోజు కూడా లేదనీ తేలింది. రోజుకు రెండు గంటలంటే వినడానికి తక్కువే అనిపిస్తుంది. ఏడాదికి లెక్కిస్తే ఏడు వందల గంటల పైమాట.

నా విషయంలో ఆ గంటలు రాత్రిపూట వస్తాయి. రాత్రి రెండు దాటాక వాడు లేస్తాడు. ముందు మంచం కిర్రుమంటుంది, తర్వాత అరికాళ్లు నేలకు తగిలే మెత్తటి చప్పుడు, ఆ తర్వాత తలుపు గడియ మీద వేళ్లు. మూడో చప్పుడు వచ్చేలోపు నేను నిలబడి ఉంటాను. ఎప్పుడు మెలకువ వచ్చిందో నాకు తెలియదు, కాళ్లు నేల మీద ఉన్నాకే మెలకువ వచ్చినట్టు తెలుస్తుంది. చెంపల దగ్గర నాడి కొట్టుకుంటూ ఉంటుంది. ఒకసారి వాడు గడియ తీసుకుని బయటికి వెళ్లిపోయాడు కాబట్టి, వాడు లేవని రాత్రుల్లో కూడా ఆ వేళకు నాకు మెలకువ వచ్చేస్తుంది. వాడు గాఢంగా నిద్రపోతుంటాడు, నేను చీకట్లో కూర్చుని వాడి ఊపిరి వింటూ ఉంటాను. ఆపద లేకపోయినా కాపలా ఆగదు. ఆ కాపలాకు శరీరం చెల్లించే మూల్యాన్ని బ్రూస్ మెక్‌ఈవెన్ అనే శాస్త్రవేత్త 1993లో అలోస్టాటిక్ లోడ్ అన్నాడు. మారుతున్న పరిస్థితికి సర్దుకుపోవడానికి శరీరం చేసే ప్రయత్నమే ఎడతెరిపి లేకుండా సాగితే, కాపాడవలసిన హార్మోన్లే రక్తనాళాలను, చక్కెర నియంత్రణను, జ్ఞాపకశక్తిని అరగదీస్తాయని దాని సారాంశం.

నిద్ర ఒక్కటి తగ్గితేనే ఏమవుతుందో షికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు 1999లో చూపించారు. ఆరోగ్యవంతులైన 11 మంది యువకులను ఆరు రాత్రుల పాటు నాలుగు గంటలు మాత్రమే పడుకోనిస్తే, వాళ్ల శరీరాలు చక్కెరను సర్దుకునే శక్తి తగ్గింది, సాయంత్రం వేళ తగ్గవలసిన కార్టిసాల్ పెరిగింది. ఆ తర్వాత వాళ్లను రోజుకు 12 గంటల చొప్పున పడుకోనిచ్చి తేరుకోనిచ్చారు. నేను ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను. మా ఇంట్లో మొదటి భాగం పదేళ్లుగా నడుస్తోంది, రెండో భాగం ఒక్కసారీ రాలేదు.

రోగనిరోధక శక్తి మీద పడే దెబ్బకు ఇంకా సూటిగా ఆధారాలున్నాయి. ఎదుగుదల లోపాలున్న పిల్లల తల్లిదండ్రులకు, ఇతర తల్లిదండ్రులకు న్యుమోనియా తెచ్చే క్రిమి నుంచి కాపాడే న్యూమోకాకల్ టీకా వేసి పోల్చిన అధ్యయనం ఒకటి బర్మింగ్‌హామ్‌లో జరిగి 2009లో వెలువడింది. నెల తర్వాతా, ఆరు నెలల తర్వాతా మొదటి వర్గం శరీరాలు తయారుచేసుకున్న యాంటీబాడీలు తక్కువగా ఉన్నాయి. వీళ్లు వృద్ధులు కారు, పిల్లలను పెంచుకుంటున్న వయసువాళ్లు. వేసింది అదే టీకా. అందుకుని పనిచేయవలసిన శరీరాలే అలసి ఉన్నాయి. అంతకు ముందు 1995లో జానిస్ కీకోల్ట్-గ్లేజర్ బృందం మతిమరుపు వ్యాధి ఉన్న బంధువులను చూసుకుంటున్న 13 మంది స్త్రీల చేతి మీద 3.5 మిల్లీమీటర్ల చిన్న గాయం చేసి, మానడానికి ఎన్నాళ్లు పడుతుందో గమనిస్తే, అదే వయసున్న ఇతర స్త్రీల కంటే సగటున తొమ్మిది రోజులు ఆలస్యమైంది. నా ఎడమ మణికట్టు పైన వాడు ఒక మెల్ట్‌డౌన్‌లో (భరించలేక అదుపు తప్పిపోయిన క్షణంలో) కొరికిన గాటు ఉంది. అది పూర్తిగా మూసుకోవడానికి ఆరు వారాలు పట్టింది. ఒక్క గాటుతో ఏదీ రుజువు కాదని నాకు తెలుసు, అయినా ఆ అధ్యయనం చదువుతున్నప్పుడు చెయ్యి దానంతట అదే ఆ మచ్చ మీదికి వెళ్లింది.

ఒత్తిడి హార్మోన్ ఇన్‌ఫ్లమేషన్‌ను అదుపులో పెట్టాలి కదా, మరి దీర్ఘకాలం ఒత్తిడిలో ఉన్నవాళ్లలో ఇన్‌ఫ్లమేషన్ ఎందుకు పెరుగుతుందన్నది పరిశోధకులను చాలాకాలం వేధించిన ప్రశ్న. గ్రెగరీ మిల్లర్, షెల్డన్ కోహెన్ తదితరులు 2002లో క్యాన్సర్ చికిత్స పొందుతున్న పిల్లల తల్లిదండ్రులను పరీక్షించి ఒక జవాబు సూచించారు. కార్టిసాల్‌లాంటి మందును వాళ్ల రక్తానికి కలిపి చూస్తే, ఇంటర్‌ల్యూకిన్-6 అనే ఇన్‌ఫ్లమేషన్ పదార్థం ఉత్పత్తిని అది తగ్గించవలసినంతగా తగ్గించలేకపోయింది. చెప్పి చెప్పి అరిగిపోయిన మాటకు వినేవాడు స్పందించడం మానేసినట్టు, కణాలు ఆ హార్మోన్ చెప్పే మాట వినడం మానేస్తాయి. గుండె జబ్బు, మధుమేహం, కుంగుబాటు, ఈ మూడింటిలోనూ ఆరని ఇన్‌ఫ్లమేషన్ పాత్ర ఉంది కాబట్టి ఇది ప్రయోగశాలలో ముగిసిపోయే వివరం కాదు. తోడు నిలిచే మనుషులున్న తల్లిదండ్రుల్లో ఈ దెబ్బ తక్కువగా ఉందని కూడా ఆ అధ్యయనమే చెప్పింది. దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఈ విషయంలో అన్నిటికంటే ఎక్కువగా ప్రచారంలోకి వచ్చింది 2004లో ఎలిస్సా ఎపెల్, ఎలిజబెత్ బ్లాక్‌బర్న్ తదితరులు టెలోమియర్ల మీద ప్రచురించిన అధ్యయనం. బ్లాక్‌బర్న్‌కు 2009లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. క్రోమోజోమ్ కొసలను కాపాడే తొడుగులే టెలోమియర్లు. కణం విభజన చెందిన కొద్దీ అవి పొట్టివవుతాయి. దీర్ఘకాలిక జబ్బుతో బాధపడే పిల్లలున్న 39 మంది తల్లులను, ఆరోగ్యవంతులైన పిల్లలున్న 19 మంది తల్లులను పరీక్షిస్తే, తాము తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నామని చెప్పిన స్త్రీల టెలోమియర్లు అతి తక్కువ ఒత్తిడి ఉందన్నవాళ్ల కంటే కనీసం పదేళ్ల వయసు మీదపడినంతగా పొట్టివయ్యాయి. ఈ పదేళ్ల మాట ఎక్కడ చూసినా కనిపిస్తుంది. దాని పక్కనే ఉన్న మరో ఫలితం మాత్రం కనిపించదు. సగటు చూస్తే రెండు వర్గాల తల్లుల టెలోమియర్ల పొడవులో తేడా లేదు. జబ్బున్న పిల్లవాడు ఉండటం ఒక్కటే కణాలను ముసలివి చేయలేదు. సంరక్షణలో గడిచిన ఏళ్లు పెరిగిన కొద్దీ, భారం ఎక్కువగా అనిపించిన కొద్దీ టెలోమియర్లు పొట్టిగా ఉన్నాయి. పరీక్షించినవాళ్లు 58 మందే, అదీ ఒక్కసారే కొలిచారు. కాబట్టి ఏది కారణం, ఏది ఫలితం అన్నది దానితో తేల్చలేం. అయినా ఆ వెలుగులోకి రాని ఫలితమే నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపిస్తుంది.

ఎందుకంటే ఈ అంకెలన్నిటినీ చదివి, పిల్లవాడే తల్లి ప్రాణం తోడేస్తున్నాడని అర్థం చేసుకునేవాళ్లు ఉంటారు. అది అన్యాయమే కాదు, తప్పు కూడా. విస్కాన్సిన్ తల్లులు అలసటతో పాటు ప్రతి రోజూ సంతోషాలు కూడా రాశారు, ఆ సంతోషాల లెక్కలో వాళ్లు ఇతర తల్లులకు తీసిపోలేదు. సంరక్షణ చేసేవాళ్ల మరణాల లెక్కలు కూడా ఇదే వైపు చూపుతున్నాయి. జీవిత భాగస్వామిని చూసుకుంటూ ఆ భారాన్ని భరించలేకపోతున్నామన్న వృద్ధుల్లో మరణాల ముప్పు నాలుగేళ్లలో 63 శాతం ఎక్కువగా ఉందని 1999లో ఒక అధ్యయనం చెబితే, కుటుంబసభ్యులను చూసుకునేవాళ్లందరినీ కలిపి చూసిన 2013 అధ్యయనంలో మరణాల రేటు ఇతరుల కంటే 18 శాతం తక్కువగా తేలింది. ప్రేమించి చూసుకోవడం మనిషిని చంపదు. తెరిపి లేకపోవడం, నిద్ర లేకపోవడం, రేపు ఏమవుతుందో తెలియకపోవడం, చెయ్యి అందించే మనిషి లేకపోవడం చంపుతాయి.

ఈ తేడా పట్టుకోకపోవడం వల్ల ఒకప్పుడు పెద్ద ఘోరమే జరిగింది. 20వ శతాబ్దం మధ్యలో, తల్లి మనసులో ప్రేమ లేకపోవడం వల్లే ఆటిజం వస్తుందన్న సిద్ధాంతం వైద్యుల నోట చలామణి అయింది. బ్రూనో బెటెల్‌హైమ్ అనే మనస్తత్వవేత్త 1967లో దానికి మరింత ప్రచారం తెచ్చాడు. అలసి మొద్దుబారిన తల్లి ముఖాన్ని చూసి, ఆ ముఖమే పిల్లవాడి స్థితికి కారణమన్నారు. కారణం, ఫలితం తారుమారయ్యాయి. ఆ సిద్ధాంతం పోయింది గానీ, తల్లి శరీరంలోని అలసటను ఆమె గుణంలో లోపంగా చూసే అలవాటు పోలేదు. “మీరే డీలా పడితే ఎలా అమ్మా” అన్న మాట నాకు ఎన్నిసార్లు వినిపించిందో లెక్కలేదు. ఆ మాట అన్నవాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు.

తండ్రుల గురించి పరిశోధనలు తల్లుల మీద జరిగినన్ని జరగలేదు. మావారు పదకొండేళ్లుగా నడుం నొప్పితోనే వాడిని ఎత్తి దించుతున్నారని మాత్రం నేను చెప్పగలను.

ఇక “మీ ఆరోగ్యం కూడా చూసుకోండి” అన్న సలహా దగ్గరికి వస్తాను. ధ్యానం, శ్వాస మీద ధ్యాస పనికిరావని నేను అనడం లేదు. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ డైకెన్స్ బృందం 243 మంది తల్లులతో చేసి 2014లో ప్రచురించిన పరీక్షలో, ఆరు వారాల శిక్షణతో ఒత్తిడి, కుంగుబాటు, ఆందోళన తగ్గాయి, నిద్ర మెరుగుపడింది. శిక్షణ మొదలయ్యేటప్పటికి ఆ తల్లుల్లో 85 శాతం మందిలో ఒత్తిడి చాలా ఎక్కువగా ఉంది, 48 శాతం మందికి కుంగుబాటు ఉంది. ఆ శిక్షణ ఇచ్చింది కూడా తర్ఫీదు పొందిన, ఇటువంటి పిల్లలే ఉన్న తల్లులు. ఇదంతా మంచిదే, ఎక్కడ దొరికినా వెళ్లమనే చెబుతాను. కానీ అక్కడ ఆ తల్లుల కోసం వేళ కేటాయించారు, గది ఉంది, ఎదురుగా కూర్చుని వినే మనిషి ఉంది. సలహా ఇచ్చి పంపేసినప్పుడు ఇవేవీ ఉండవు. తల్లి చేయవలసిన పనుల జాబితాలో ఇంకొకటి చేరుతుంది, అది చేయలేకపోయినప్పుడు ఆ తప్పు కూడా ఆమెదే అవుతుంది. నేను గంటసేపు కళ్లు మూసుకుని కూర్చోవాలంటే, ఆ గంటసేపు ఎవరో ఒకరు కళ్లు తెరుచుకుని వాడిని చూస్తూ ఉండాలి. ఆ మనిషిని చూపించని సలహా వైద్యం కాదు.

అందుకే నేను అడిగేవి చాలా మామూలు పనులు. పిల్లవాడిని తెచ్చిన ప్రతిసారీ, వాడి బరువు చూసినట్టే, తీసుకువచ్చిన తల్లికో తండ్రికో బీపీ చూడండి, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారని అడగండి, ఆ జవాబును పిల్లవాడి ఫైలులోనే రాయండి. పిల్లవాడి నిద్రలేమిని, తనను తాను గాయపరుచుకోవడాన్ని “ఇటువంటి పిల్లల్లో ఇవి మామూలే” అని వదిలేయకండి. వాటికి చేసే చికిత్స ఇద్దరికి చేసే చికిత్స. ఇంట్లో చేయించమని థెరపిస్టు ఐదు పనులు రాసేముందు, ఇంట్లో ఎంతమంది ఉన్నారో, రాత్రి ఎవరు లేస్తారో కనుక్కుని, అవసరమైతే మూడింటిని కొట్టేయండి. తల్లిదండ్రుల స్థానంలో కొన్ని గంటలు పిల్లవాడిని చూసుకునే తర్ఫీదు పొందిన మనుషులను ఏర్పాటు చేయడాన్ని దయగా కాకుండా, మందులాగా, మోతాదు రాసి ఇవ్వవలసిన చికిత్సగా చూడండి. తోడున్నవాళ్లలో దెబ్బ తక్కువగా ఉందన్న 2002 నాటి ఫలితానికి నాకు తెలిసిన అర్థం ఇదే. తోడంటే ఓదార్పు ఒక్కటే కాదు. తోడంటే రాత్రి రెండు గంటలకు నా బదులు లేచే మనిషి.

ఆ పరీక్ష తర్వాత నేను వేరే డాక్టరు దగ్గర చూపించుకున్నాను. ఇప్పుడు మందు వాడుతున్నాను. వారానికి రెండు రాత్రులు మా చెల్లెలు వచ్చి వాడి గదిలో పడుకుంటోంది. మొదటి నెల ఆ రెండు రాత్రులు కూడా నాకు అదే వేళకు మెలకువ వచ్చేది. తలుపు దాకా వెళ్లి, ఇద్దరి ఊపిరీ విని, వెనక్కి వచ్చేదాన్ని. ఈమధ్య ఒక రాత్రి వాడు లేచిన సంగతి తెల్లారాక చెల్లెలు చెబితే గానీ నాకు తెలియలేదు.

పోయిన నెల మళ్లీ అదే గదికి వెళ్లాం. వాడు పట్టీని చూసి గోడ దగ్గరికి వెళ్లలేదు. ముందు అమ్మకు పెట్టాలన్నది వాడికి నియమం అయిపోయింది. నా చెయ్యి పట్టుకుని బల్ల మీద పెట్టి, చీర చెంగు పక్కకు తీసి, మీట వైపు వేలు చూపించాడు. తెర మీద 136, కింద 86 నిలిచాయి. వాడు “నూట ముప్పై ఆరు” అని రెండుసార్లు పైకి చదివాడు. ఈసారి నర్సు ఆ అంకెలను చెరిపేయకముందే పెన్ను తీసి, వాడి కాగితం అంచున, అమ్మ అని రాసి, పక్కనే వాటిని వేసింది.